కోడిపిల్ల కార్జం మీద బూజు దెబ్బ: బుడ్డల చేను నుంచి బ్రూడర్ దాకా

మూడో వారం వచ్చేసరికి బ్యాచ్‌లో పిల్లలన్నీ ఒక సైజులో ఉండవు. కొన్ని బాగానే పెరుగుతాయి, కొన్ని మాత్రం పది రోజుల పిల్లల్లాగే ఉండిపోతాయి, ఈకలు రేగిపోయి, కాళ్లు పాలిపోయి, ఓ మూలకి చేరి నిలబడతాయి. చావులు పెద్దగా ఉండవు, రోజుకి ఒకటో రెండో, అందుకే మొదట ఎవరూ కంగారు పడరు. పిల్ల మంచిది రాలేదు అని హేచరీని తిడతారు, వ్యాక్సిన్ సరిగ్గా పడలేదంటారు, లేదంటే ఎండ దెబ్బ అనుకుంటారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు కూడా. కానీ కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ముందు చూడాల్సింది దాణా మూటని, ఆ తర్వాత చచ్చిన పిల్లని కోసి దాని కార్జాన్ని, అంటే కాలేయాన్ని. చాలామంది ఇది చివర్లో చూస్తారు, అప్పటికి నష్టం అయిపోయి ఉంటుంది.

బూజులో విషం ఉంటుందని ప్రపంచానికి గట్టిగా తెలిసిందే కోళ్ల జాతి పక్షుల వల్ల, అదీ బుడ్డల చెక్క (వేరుశెనగ నూనె తీశాక మిగిలే పిప్పి) వల్ల. 1960లో ఇంగ్లాండ్‌లో దాదాపు లక్ష టర్కీ కోడిపిల్లలు కొన్ని నెలల్లోనే చచ్చిపోయాయి, కారణం ఏంటో తెలీక దానికి టర్కీ ఎక్స్ అని పేరు పెట్టుకున్నారు. వెతుక్కుంటూ పోతే అది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క దగ్గర తేలింది, ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఫంగస్, అది తయారు చేసిన విషం. ఫంగస్ పేరులోంచే అఫ్లాటాక్సిన్ అన్న మాట పుట్టింది. అల్ట్రావయొలెట్ లైట్ కింద నీలంగా మెరిసేవాటికి బి1, బి2 అని, ఆకుపచ్చగా మెరిసేవాటికి జి1, జి2 అని పేర్లు పెట్టారు, వీటిలో కాలేయానికి అన్నిటికంటే చెడ్డది బి1. అంటే ఈ కథ మొదలైందే మన జిల్లాల పంటతో, అందుకే ఇది ఎక్కడో దూరం దేశం సంగతి అనుకోవడానికి లేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. బూజు అంటే గోడౌన్‌లో పట్టేది, తడి తగిలితే వచ్చేది అని అందరూ అనుకుంటారు, అది సగమే నిజం. బుడ్డలకి ఈ ఫంగస్ చేనులోనే పడుతుంది. అది మట్టిలో ఉండే ఫంగస్, కాయ ఊరేది మట్టిలోనే. చెట్టుకి నీళ్లు బాగా అందినప్పుడు కాయ దాన్ని తట్టుకుంటుంది, కానీ కాయ ఊరే చివరి నెలలో వాన మొహం చాటేసి, నేల వేడెక్కి, గింజలో పదును తగ్గిపోతే ఆ తట్టుకునే శక్తి పోతుంది. మట్టి వేడి 28 నుంచి 31 డిగ్రీల మధ్య ఉండి పైన కరువు తోడైతే ఆ ఫంగస్‌కి పండగే. అనంతపురం ఎర్రనేలల్లో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, జూన్ జులైలో విత్తనం వేస్తే సెప్టెంబర్‌లో చివరి తడికి దేవుడి వైపు చూసే సాగు, కాబట్టి కరువు సంవత్సరం అంటే దిగుబడి తక్కువ సంవత్సరం ఒక్కటే కాదు, చెక్కలో విషం ఎక్కువుండే సంవత్సరం కూడా. చెదలు కొరికిన కాయ, పీకేటప్పుడు గుచ్చుకుని పగిలిన కాయ, ఎండి ముడుచుకుపోయిన గింజ, వీటిలో ఇంకా ఎక్కువ ఉంటుంది.

తర్వాత కల్లం సంగతి. చెట్లు పీకి వామి వేశాక అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనం తిరిగిందంటే తడి లోపలే ఉండిపోతుంది, వామి లోపల వేడెక్కుతుంది. గింజలో తేమ 8 శాతం దాటకుండా ఎండితే బూజుకి చోటు లేదు, మొక్కజొన్న, జొన్న లాంటివైతే 13, 14 శాతం దాటకూడదు. ఇక్కడ జరిగే ఇంకో పని గురించి గట్టిగా చెప్పుకోవాలి, మిషన్‌లో కాయ వలిచేటప్పుడు పప్పు బద్దలవకుండా ఉండాలని ముందు కాయల మీద నీళ్లు చల్లుతారు. పప్పు బద్దలవదు నిజమే, కానీ ఆ తడి మళ్లీ సరిగ్గా ఆరదు, మూటలు కట్టేస్తారు. ఆ పప్పులో మంచిది ఏరి తిండికి పోతుంది, నల్లబడింది, ముడుచుకుంది, బూజు వాసన వచ్చేది నూనె మిల్లుకి పోతుంది. నూనె బయటికి వచ్చేస్తుంది, విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. అంటే ఏరి పారేసిన గింజల విషం చాలావరకు చెక్కలో పోగుపడుతుంది, ఆ చెక్క వచ్చి చేరేది పశువుల తొట్టికి, కోళ్ల దాణాకి.

పెద్ద కంపెనీల దాణాలో ఇప్పుడు మాంసకృత్తుల కోసం ఎక్కువగా సోయా చెక్కే వాడతారు. కానీ సోయా రేటు కొండెక్కినప్పుడల్లా అందరి కళ్లు బుడ్డల చెక్క మీదే పడతాయి. 2021లో రేటు ఎంత మండిందంటే కేంద్రం ఆగస్టులో 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి పర్మిషన్ ఇవ్వాల్సొచ్చింది. అలాంటి టైమ్‌లో సొంతంగా దాణా కలుపుకునే చిన్న ఫారాలు, ఇంటి దగ్గర వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ లాంటి పెరటి కోళ్ల రకాల పిల్లల్ని పెంచుకునేవాళ్లు దొరికిన చెక్క కొనేస్తారు. చెక్క చెడ్డదని కాదు, 40 శాతం పైన ప్రోటీన్ ఉన్న మంచి సరుకు అది, రాయలసీమలో కోడికైనా ఆవుకైనా బలం అంటే అదే. టెస్ట్ చెయ్యని చెక్కని చిన్న పిల్ల నోటికి పెట్టడమే తప్పు.

చిన్న పిల్లకే ఎందుకు ఇంత దెబ్బ అంటే, మొదటిది లెక్క. నాలుగైదు రోజుల బ్రాయిలర్ పిల్ల 100 గ్రాములు ఉంటే రోజుకి 20 గ్రాముల పైనే తింటుంది, అంటే తన ఒంటి బరువులో ఐదో వంతు. కిలోన్నర గుడ్ల కోడి రోజుకి తినేది 110 గ్రాముల దగ్గర, ఏడు శాతం. అదే దాణా, అదే విషం, కానీ కిలో ఒంటికి లెక్కేస్తే పిల్లకి మూడు రెట్లు పడుతోంది. రెండోది, ఆ వయసులో కార్జం చేస్తున్న పని అంతా ఇంతా కాదు, గుడ్డులోంచి 40 గ్రాములతో వచ్చిన పిల్ల వారంలో నాలుగింతలు అవ్వాలి, దానికి కావాల్సిన ప్రోటీన్లు తయారు చెయ్యాలి, సొన నుంచి వచ్చిన కొవ్వుని కరిగించి ఒంటికి పంపాలి, పిత్తం చెయ్యాలి. ఇన్ని పనుల్లో ఉన్న కార్జం మీదికి విషం వస్తుంది, దాన్ని విరిచే ఏర్పాటేమో ఇంకా పూర్తిగా కుదురుకోని వయసు.

లోపల జరిగేది చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే అఫ్లాటాక్సిన్‌ని అసలు విషంగా మార్చేది కార్జమే. పేగులో పీల్చుకున్నది రక్తంలో నేరుగా కార్జానికి వస్తుంది, బయటి నుంచి వచ్చిన ఏ రసాయనాన్నైనా కరిగించి బయటికి తోసేయాలని అక్కడి ఎంజైములు పని మొదలుపెడతాయి, ఆ పనిలో బి1 కాస్తా ఎపాక్సైడ్ అనే ఇంకా ఘాటైన రూపంలోకి మారుతుంది. అది దొరికిన దాన్నల్లా పట్టుకుంటుంది, కణంలోని డీఎన్ఏకి అతుక్కుంటుంది, ప్రోటీన్లకి అతుక్కుంటుంది. దాన్ని కట్టేసి బయటికి పంపడానికి గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది, దానికి సాయం చేసే ఎంజైమ్ ఉంటుంది, ఇవి గట్టిగా ఉన్న జీవి బతికి బట్టకడుతుంది, లేనిది పోతుంది. టర్కీల్లో ఆ ఎంజైమ్ దాదాపు పనిచెయ్యదు, అందుకే 1960లో అన్ని చచ్చాయి. బాతుపిల్లలు ఇంకా సున్నితం, ఒకప్పుడు దాణాలో ఈ విషం ఉందో లేదో తేల్చడానికి బాతుపిల్లలకి పెట్టి వాటి కార్జం చూసేవాళ్లు. కోడిపిల్ల వీటికంటే గట్టిదే, కానీ గట్టిది అంటే చావదని మాత్రమే, దెబ్బ తగలదని కాదు.

డీఎన్ఏకి అతుక్కుంటే కణం ప్రోటీన్ తయారీ తగ్గిపోతుంది, ఇక్కడి నుంచి బయట కనిపించే ప్రతి లక్షణాన్నీ వరసగా లాక్కుంటూ పోవచ్చు. కార్జంలో తయారైన కొవ్వు బయటికి పోవాలంటే ప్రోటీన్ బండి ఎక్కాలి, బండి లేకపోతే కొవ్వు అక్కడే పేరుకుంటుంది, కార్జం ఉబ్బి, పసుపుపచ్చగా, వేలితో నొక్కితే చిట్లిపోయేలా అవుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు కార్జమే చెయ్యాలి, అవి తగ్గితే చిన్న దెబ్బకే తొడ మీద, రొమ్ము మీద నెత్తుటి మచ్చలు, పట్టుకుని తూకం వేసినందుకే కమిలిపోవడం. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, ఇది ల్యాబ్‌లో మొదట దొరికే గుర్తు. పిత్తం, పేగుల్లో కొవ్వుని అరిగించే ఎంజైములు తగ్గితే రెట్టలో జిడ్డు కనిపిస్తుంది, కొవ్వుతో పాటు ఒంటికి చేరాల్సిన ఎ, డి, ఇ విటమిన్లు కూడా సరిగ్గా అందవు, కాళ్లు వంకర పోవడం, కుంటడం చూసి కాల్షియం తగ్గిందని కాల్షియం మందు పోస్తారు గానీ అసలు సమస్య అక్కడ లేదు. మొక్కజొన్నలోని పసుపు రంగు ఒంటికి పట్టక కాళ్లు, ముక్కు తెల్లగా పాలిపోతాయి. మొదట్లో చెప్పిన పాలిపోయిన కాళ్ల పిల్లలు ఇవే.

నెలల తరబడి కొంచెం కొంచెంగా తిన్న కోళ్లలో ఇంకో రకం ఉంటుంది, కార్జం ఉబ్బదు, కుంచించుకుపోయి గట్టిపడుతుంది, లోపల పిత్త నాళాలు అవసరానికి మించి పెరిగిపోయి ఉంటాయి. మాంసం కోడి అంత కాలం బతకదు కాబట్టి ఇది గుడ్ల కోళ్లలో, ఇంటి కోళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఇది తెలీక మంచి దాణాని కూడా పారబోసినవాళ్లు ఉంటారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కార్జం మామూలుగానే పసుపుగా ఉంటుంది. సొనలోని కొవ్వు, రంగు అందులోకి చేరడం వల్ల అలా ఉంటుంది, వారం నుంచి పది రోజులకి అది మెల్లగా ముదురు ఎరుపులోకి తిరుగుతుంది. మూడు రోజుల పిల్లని కోసి పసుపు కార్జం చూసి టాక్సిన్ అనేస్తే తప్పు. రెండు వారాలు దాటాక కూడా పసుపు పోకుండా, ఉబ్బి, చిట్లేలా ఉంటే అప్పుడు అనుమానించాలి. దాంతో పాటు గుండె చుట్టూ నీరు ఉందేమో కూడా చూడాలి, మన రైతులు లీచీ అని పిలిచే అడినోవైరస్ జబ్బులో కూడా కార్జం పాలిపోయి నెత్తుటి చుక్కలతో ఉంటుంది, గుండె చుట్టూ మాత్రం లేత పసుపు నీళ్లు నిండి గుండె తొక్క తీసిన లీచీ పండులా కనిపిస్తుంది. చిక్కేంటంటే ఈ రెండూ కలిసి కూడా వస్తాయి, విషం రోగ నిరోధక శక్తిని తగ్గించిన మందలో ఆ వైరస్ ఇంకా చెలరేగుతుంది.

నిరోధక శక్తి అన్నాం కాబట్టి వ్యాక్సిన్ సంగతి. పిల్లకి బర్సా అని తోక దగ్గర చిన్న సంచిలాంటి అవయవం ఉంటుంది, మెడలో థైమస్ ఉంటుంది, రోగాలతో పోరాడే కణాలు తయారయ్యేది వీటిలో. అఫ్లాటాక్సిన్ ఈ రెండిటినీ కుంచించుకుపోయేలా చేస్తుంది, పైగా యాంటీబాడీ అంటే అదీ ప్రోటీనే. అయిదు నుంచి ఏడు రోజుల్లోపు కంట్లో కొక్కెర తెగులు చుక్క వేశాం, రెండో వారంలో గంబోరో వేశాం, మంచు పెట్టెలోనే తెచ్చాం, అన్నీ సరిగ్గా చేశాం, అయినా జబ్బొచ్చింది అంటే వ్యాక్సిన్ కంపెనీని అనే ముందు దాణా వైపు చూడాలి. వ్యాక్సిన్ సరిగ్గా పడినా, దానికి జవాబు చెప్పాల్సిన ఒళ్లు ఆ స్థితిలో లేదు.

ఎంత ఉంటే ఎక్కువ అనేది చాలామందికి అంతు చిక్కని లెక్క, ఎందుకంటే పీపీబీ అన్న మాట చేతికి దొరకదు. టన్ను దాణాలో 1 మిల్లీగ్రాము ఉంటే అది 1 పీపీబీ. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కోళ్ల దాణాలో బి1 కి పెట్టిన హద్దు 20 పీపీబీ, అంటే టన్నుకి 20 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పు కంటే చాలా తక్కువ. అమెరికాలో చిన్న జీవాల దాణా గింజలకి, బుడ్డల సరుకుకి 20, పెద్ద కోళ్లకైతే 100 దాకా ఒప్పుకుంటారు, యూరప్‌లో పిల్లల పూర్తి దాణాకి 5 మాత్రమే. ఆ రెండు చోట్లా పిల్లకి వేరే గీత గీశారు, మన దగ్గర ఫారాల్లో మాత్రం పిల్ల దాణాకి, పెద్ద కోడి దాణాకి అదే గోడౌన్, అదే చెక్క. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, 200 పీపీబీ ఉన్న చెక్క టన్ను దాణాలో 100 కిలోలు వేస్తే ఒక్క చెక్క వల్లే 20 పీపీబీ వచ్చేసింది. 600 కిలోల మొక్కజొన్నలో 20 చొప్పున ఉంటే ఇంకో 12 కలిసింది. ఒక్కో సరుకు చూస్తే మరీ ఘోరంగా ఏమీ లేదనిపిస్తుంది, కలిపాక గీత దాటేసింది. ట్రయల్స్‌లో 1000 పీపీబీ దగ్గర పిల్లల కార్జం, బరువు దెబ్బతినడం స్పష్టంగా కనిపిస్తుంది, అంతకంటే చాలా కింద కూడా ఒంట్లో మార్పులు ఉంటాయి గానీ బయటికి తెలీవు. ఫారంలో ట్రయల్‌లో లాగా ఒక్క విషమే ఉండదు కూడా, ఎండ, అమ్మోనియా, కిడ్నీలని కొట్టే ఓక్రాటాక్సిన్, మొక్కజొన్నలో వచ్చే ఫ్యుమోనిసిన్, ఇవన్నీ ఒకదానికొకటి తోడవుతాయి. ముఖ్యంగా ఓక్రాటాక్సిన్, అఫ్లాటాక్సిన్ కలిసి వస్తే దెబ్బ రెండూ కూడినదాని కంటే ఎక్కువగానే ఉంటుంది.

టెస్ట్ చేయిస్తే నెగెటివ్ వచ్చింది, అయినా పిల్లలు ఎదగట్లేదు అనేవాళ్లు ఉంటారు. తప్పు ల్యాబ్‌ది కాకపోవచ్చు, పిడికిలిది కావచ్చు. ఈ విషం మూట అంతా సమానంగా ఉండదు, వందల మంచి గింజల మధ్య ఒక్క గింజలో భయంకరంగా ఉంటుంది. పై మూటలోంచి ఒక పిడికెడు తీసి పంపితే ఆ పిడికిట్లో ఆ గింజ పడకపోవచ్చు. పది, పదిహేను మూటల్లో పైన, మధ్యలో, అడుగున తీసి, అంతా కలిపి, పొడి చేసి, అందులోంచి ఒక కిలో పంపితే ఆ రిపోర్ట్‌కి విలువ ఉంటుంది. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, దాణా శాంపిల్ ఎక్కడ టెస్ట్ చేస్తారో పశువైద్యుడిని అడిగితే దారి చెప్తారు. శాంపిల్‌తో పాటు అప్పుడే చచ్చిన పిల్లని కూడా పట్టుకెళ్లడం మేలు, ఒకటి చూసి ఇంకోటి ఖాయం చేసుకోవచ్చు. కంటికి బూజు కనిపించకపోతే విషం లేదనుకోవద్దు, ఫంగస్ చచ్చిపోయినా అది చేసిన విషం అలాగే ఉంటుంది, బూజు కనిపించినంత మాత్రాన ఈ విషమే అని కూడా కాదు.

వేడి చేస్తే పోతుందన్న నమ్మకం గురించి కూడా చెప్పాలి. అఫ్లాటాక్సిన్ విరగాలంటే 240 డిగ్రీల పైన వేడి కావాలి, దాణా ఉడకబెట్టినా, పెల్లెట్ మిషన్‌లో పెట్టినా అంత వేడి రాదు. ఎండలో వేస్తే తేమ పోయి కొత్త బూజు ఆగుతుంది, ఉన్న విషం పెద్దగా పోదు. ప్రొపియోనిక్ యాసిడ్ లాంటి మందులు కూడా అంతే, ఫంగస్‌ని ఆపుతాయి, విషాన్ని ముట్టుకోవు. నీళ్లలో మైలుతుత్తం కలపడం పాత అలవాటు, దానితో కార్జంలో పడ్డ విషానికి ఏ సంబంధం లేదు, డోస్ ఎక్కువైతే పిల్లకే నష్టం.

పనికొచ్చేది బైండర్. బెంటోనైట్, హెచ్‌ఎస్‌సీఏఎస్ రకం మట్టి పేగులోనే అఫ్లాటాక్సిన్‌ని పట్టుకుని రెట్టతో బయటికి తీసుకుపోతుంది, ఈ ఒక్క విషానికి అది బాగా పనిచేస్తుంది. కానీ టీ-2 లాంటి వేరే బూజు విషాలని అది పట్టలేదు, పిల్లల నోట్లో పుండ్లు కనిపిస్తే అది టీ-2 అయ్యుండొచ్చు, అప్పుడు మట్టి బైండర్ మీద భరోసా పెట్టుకోకూడదు. కొలీన్, మెథియోనిన్, విటమిన్ ఇ, సెలీనియం కార్జానికి ఆసరా ఇస్తాయి, ప్రోటీన్ కొంచెం పెంచితే మేలు కనిపిస్తుంది. లివర్ టానిక్ పోసి అదే దాణా పెట్టడం మాత్రం కన్నం మూయకుండా కుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఆ దాణా ఆపాలి. దాణా మార్చిన వారం, రెండు వారాల్లో కార్జం చాలావరకు కోలుకుంటుంది, తిరిగి పెరిగే శక్తి ఉన్న అవయవం అది, కానీ 40, 42 రోజులకే అమ్మేసే బ్రాయిలర్‌కి పోయిన రెండు వారాల బరువు తిరిగి రాదు.

అందుకే ఖర్చు ఎక్కడ పెట్టాలి అంటే మొదటి మూడు వారాల దాణా మీద. బ్రాయిలర్ తన జీవితంలో తినే దాణాలో ఆ మొదటి భాగం చాలా కొంచెమే, దానికి టెస్ట్ చేసిన సరుకు, లేదా బుడ్డల చెక్క అసలు లేని స్టార్టర్ (మొదటి వారాల దాణా) పెట్టుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. ఇంట్లో పెంచుకునే పదిహేను, ఇరవై పిల్లలకైతే ఇంకా సులువు, మూడు వారాల దాకా చెక్క జోలికి పోకుండా శుభ్రంగా ఎండిన సజ్జలు, కొర్రలు, నూకలు వేసుకుంటూ కొంచెం మంచి స్టార్టర్ కలుపుకుంటే సరిపోతుంది. మొక్కజొన్న కొనేటప్పుడు తేమ మీటర్ లేకపోయినా ఒక పాత ఉపాయం ఉంది, పొడి గాజు సీసాలో కొన్ని గింజలు, బాగా ఎండిన ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపి చూడాలి, ఉప్పు గాజుకి అంటుకుంటే గింజలో తేమ 15 శాతం పైన ఉన్నట్టు, అది కొనకూడదు. మూటలు సిమెంట్ నేల మీద కాకుండా బల్లల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టాలి, వానాకాలంలో రెండు వారాలకి మించి నిల్వ చెయ్యకూడదు. ఫీడర్ అడుగున అట్టకట్టిన పాత దాణా మీద కొత్తది పొయ్యడం అన్నిచోట్లా చూసే తప్పు, నీళ్లు కారే డ్రింకర్ పక్కన ఫీడర్ ఉంటే బూజు పట్టడానికి ఒక్క రాత్రి చాలు.

మన వైపు లిట్టర్‌కి బుడ్డల పొట్టు పరుస్తారు కాబట్టి ఇదొకటి, తడిసిన పొట్టులో ఫంగస్ పెరిగితే పిల్లలు దాన్ని పీల్చి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకుంటాయి, నోరు తెరిచి ఆయాసపడతాయి. అది ఫంగస్ ఒంట్లో పెరగడం, ఇంతసేపు చెప్పుకున్నది ఫంగస్ వదిలిన విషం తినడం. రెండూ బూజే, దారులు వేరు.

పక్కన పెట్టిన చెడ్డ చెక్కని ఏం చెయ్యాలి అన్నది ఎవరూ అడగరు, ఎందుకంటే జవాబు అందరికీ తెలిసినట్టే ఉంటుంది, గేదెకి వేసేస్తారు. ఆవు, గేదె తిన్న బి1 లో కొంత భాగం ఎం1 గా మారి పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది ఇంట్లో పిల్లలే, మన దేశంలో పాలలో ఎం1 కి హద్దు లీటర్‌కి అర మైక్రోగ్రాము దగ్గర. కోడి గుడ్డులోకి వచ్చేది దానితో పోలిస్తే చాలా తక్కువ, పాడి పశువు దగ్గరే అసలు భయం. చెక్క మంచి ఎరువు కదా అని బుడ్డల చేనుకి చల్లితే ఆ ఫంగస్ మళ్లీ అదే ఎర్రమట్టిలోకి చేరి వచ్చే సెప్టెంబర్‌లో కాయ కోసం కాచుక్కూర్చుంటుంది. గుంత తీసి, బుడ్డలు వెయ్యని చోట, కోళ్లూ పశువులూ తవ్వి తినకుండా లోతుగా పూడ్చడమే దానికి దారి.